దీపాల బరువు మోసే ఇంజిను

కారు ఇంజినుకు ఒక పక్కన, బెల్టు చుట్టుకుని తిరిగే అల్యూమినియం గుండును ఆల్టర్నేటరు అంటారు. పెద్ద కొబ్బరికాయంత ఉంటుంది, ఐదారు కిలోలు తూగుతుంది. ఖమ్మం, కొత్తగూడెం, భద్రాచలం షెడ్లలో మెకానిక్కులు దీన్ని ఇప్పటికీ డైనమో అనే పిలుస్తారు. అసలు డైనమో కార్లలోంచి ఎప్పుడో పోయింది, పేరు మాత్రం మిగిలింది. కారులో వెలిగే దీపాలు, గాలి విసిరే బ్లోయరు, మోగే హారను, పాటలపెట్టె, ఫోను ఛార్జింగు, పెట్రోలు పంపు, ఆఖరికి ఇంజిను నడవడానికి కావాల్సిన స్పార్కు కూడా దీని కరెంటు మీదే ఆధారపడతాయి. ఇవన్నీ బ్యాటరీ మీద నడుస్తాయని చాలామంది అనుకుంటారు. నిజానికి బ్యాటరీ ముఖ్యమైన పని సెల్ఫ్ కొట్టినప్పుడు ఇంజినును లేపడం. ఇంజిను అందుకున్నాక కరెంటు బాధ్యత ఆల్టర్నేటరుది. అప్పుడు బ్యాటరీ ఇచ్చేది కాదు, పుచ్చుకునేది.

ఆల్టర్నేటరు మాత్రం ఆ శక్తిని ఎక్కడి నుంచి తెస్తుంది? తనను తిప్పుతున్న ఇంజిను నుంచే తేవాలి. ఇంజినుకు ఇంధనం తప్ప వేరే ఆదాయం లేదు. అంటే రాత్రి రోడ్డు మీద పడే హెడ్‌లైటు వెలుగు ట్యాంకులోని పెట్రోలే. కారు కరెంటు గురించి తెలుసుకోవాల్సిన అసలు సంగతి ఇదే. ఎంత పెట్రోలు, ఏ దారిన, ఎంత నష్టంతో వెలుగుగా మారుతుందో లెక్కగా చూడవచ్చు.

పాల్వంచలో పెద్దది, బానెట్ కింద చిన్నది

ఖమ్మం నుంచి భద్రాచలానికి సుమారు 120 కిలోమీటర్లు. కొత్తగూడెం దాటి పాల్వంచకు వచ్చేసరికి కొత్తగూడెం థర్మల్ విద్యుత్ కేంద్రం పొగగొట్టాలు కనిపిస్తాయి. సింగరేణి బొగ్గును మండించి, కిన్నెరసాని నీళ్లను ఆవిరి చేసి, ఆ ఆవిరితో టర్బైను తిప్పి, టర్బైనుతో జనరేటరు తిప్పుతారు. 2018 డిసెంబరులో మొదలైన ఏడో దశలో ఒక్క యూనిట్ సామర్థ్యమే 800 మెగావాట్లు. గోదావరి దాటి చింతూరు అడవుల్లోకి వెళితే మోతుగూడెం దగ్గర దిగువ సీలేరు జలవిద్యుత్ కేంద్రం ఉంది. అక్కడ తిప్పేది నీళ్లు. కారు బానెట్ కింద తిప్పేది బెల్టు. తిప్పే చెయ్యి వేరు, తిరిగే యంత్రం సూత్రం మూడుచోట్లా ఒక్కటే. పాల్వంచ యూనిట్ 800 మెగావాట్లు ఇస్తే కారు ఆల్టర్నేటరు నిండా పనిచేసినప్పుడు ఇచ్చేది ఒక కిలోవాట్ చుట్టుపక్కల. ఎనిమిది లక్షల కార్ల ఆల్టర్నేటర్లు ఒక్క యూనిట్‌కు సమానం.

ఆ సూత్రాన్ని 1831లో మైకేల్ ఫారడే కనుక్కున్నాడు. తీగచుట్ట దగ్గర అయస్కాంతం కదిలితే తీగలో కరెంటు పుడుతుంది. అయస్కాంతం నిశ్చలంగా ఉంటే ఎంత బలమైనదైనా ఏమీ పుట్టదు. కదలిక కావాలి, ఆగకుండా కావాలి. అందుకే అయస్కాంతాన్ని తిప్పుతారు.

కారు ఆల్టర్నేటరులో తిరిగే భాగం రోటరు. ఇది శాశ్వత అయస్కాంతం కాదు. మధ్యలో రాగితీగ చుట్ట, దానికి రెండు వైపుల నుంచి ఇనుప కొక్కేలు ఉంటాయి. రెండు చేతుల వేళ్లను ఒకదాని సందుల్లో ఒకటి దూర్చినట్టు ఆ కొక్కేలు అమరి ఉంటాయి. తీగచుట్టలోకి మూడు నుంచి ఐదు ఆంపియర్ల కరెంటు పంపితే ఒక వైపు వేళ్లు ఉత్తర ధ్రువాలు, రెండో వైపు వేళ్లు దక్షిణ ధ్రువాలు అవుతాయి. ఆ కరెంటు లోపలికి వెళ్లేది రెండు చిన్న బొగ్గు బ్రష్‌ల ద్వారా. తిరిగే రాగి ఉంగరాల మీద అవి ఒరుసుకుంటూ ఉంటాయి. పాత ఆల్టర్నేటరు విప్పినప్పుడు మెకానిక్ ముందు చూసేది ఈ బ్రష్‌లనే. కొత్తగా వేలి కణుపంత ఉన్నవి అరిగి అరిగి గోరంత మిగులుతాయి.

రోటరు చుట్టూ కదలకుండా ఉండేది స్టేటరు. పల్చటి ఇనుప రేకుల దొంతరలో మూడు వరసల రాగితీగ చుట్టి ఉంటుంది. రోటరు తిరుగుతుంటే ఈ మూడు వరసల్లోనూ కరెంటు ముందుకీ వెనక్కీ ఊగుతుంది. దాన్ని ఏకాంతర విద్యుత్తు అంటారు. పాల్వంచ జనరేటరు నిమిషానికి సరిగ్గా 3000 చుట్లు తిరగాలి, ఎందుకంటే దేశమంతటి కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతూ ఒకే తాళంలో నడవాలి. కారుకు ఆ నియమం లేదు. ఇంజిను ఐడిల్‌లో 800 చుట్లు తిరుగుతుంటే, చిన్న పుల్లీ వల్ల ఆల్టర్నేటరు దానికి రెండున్నర రెట్లు, అంటే 2000 చుట్లు తిరుగుతుంది. ఆరు జతల ధ్రువాలున్న రోటరు అయితే కరెంటు సెకనుకు 200 సార్లు ఊగుతుంది. హైవే మీద ఇంజిను 2500కు చేరితే అది 625 సార్లవుతుంది. బండి ఎలా పోతే కరెంటు అలా ఊగుతుంది.

ఇలా ఊగే కరెంటు బ్యాటరీకి పనికిరాదు. బ్యాటరీకి ఒకే దిక్కున పారే ఏకముఖ విద్యుత్తు కావాలి. ఈ మార్పు చేసేది డయోడ్లు. బావి మోటారు అడుగున ఉండే ఫుట్ వాల్వు నీటిని పైకి రానిస్తుంది గాని కిందికి జారనివ్వదు. డయోడు కరెంటుకు అలాంటి ఫుట్ వాల్వు. ఆల్టర్నేటరు వెనక భాగంలో ఒక ప్లేటు మీద కనీసం ఆరు డయోడ్లు ఉంటాయి. మూడు వరసల్లో అటూ ఇటూ ఊగిన కరెంటంతా ఈ ఆరింటి గుండా ఒకే దిక్కుకు మళ్లి బయటికి వస్తుంది. ఇంజిను ఆపాక బ్యాటరీ కరెంటు వెనక్కి ఆల్టర్నేటరులోకి కారిపోకుండా కాపలా కాసేది కూడా ఇవే. రాత్రికి రాత్రి బ్యాటరీ డౌన్ అవుతుంటే, లోపల దీపమేదీ వెలగకపోతే, డయోడు ప్లేటును అనుమానించాలి.

ఇక వోల్టేజి. రోటరు వేగంగా తిరిగేకొద్దీ వోల్టేజి పెరుగుతుంది. దాన్ని అలాగే వదిలేస్తే హైవే మీద బల్బులన్నీ కాలిపోతాయి. అందుకని రెగ్యులేటరు ఉంటుంది. పాతకాలం డ్రైవర్లు దీన్ని కటౌట్ అనేవారు. ఇది రోటరు చుట్టలోకి వెళ్లే కరెంటును సెకనుకు ఎన్నోసార్లు తెంచుతూ కలుపుతూ అయస్కాంతం బలాన్ని తగ్గించి పెంచుతుంది. ఇంజిను ఎంత వేగంగా తిరిగినా బయటికి వచ్చే వోల్టేజి 14 చుట్టుపక్కలే నిలబడుతుంది. నిండుగా ఛార్జయిన బ్యాటరీ వోల్టేజి 12.6. దానికన్నా ఆల్టర్నేటరు వోల్టేజి ఎక్కువ కాబట్టే కరెంటు బ్యాటరీలోకి పారుతుంది. చెరువుకన్నా కాలువ ఎత్తులో ఉంటేనే కదా చెరువు నిండేది.

బరువు ఎక్కడి నుంచి వస్తుంది

సైకిలుకు సీసా ఆకారంలో డైనమో ఉండే రోజుల్లో రాత్రిపూట తొక్కినవారికి ఈ పాఠం వేరే చెప్పనక్కరలేదు. పగలు డైనమో టైరుకు తగలకుండా ఎత్తి ఉంటుంది, సైకిలు తేలిగ్గా పోతుంది. చీకటి పడ్డాక బొటనవేలితో మీట నొక్కి డైనమోను టైరుకు ఆనిస్తే దీపం వెలుగుతుంది, కాలి కింద తొక్కుడు బరువెక్కుతుంది. ఆ బరువులో కొంత టైరు ఒరిపిడి. మిగతాది దీపం బరువు. బల్బు మాడిపోతే డైనమో టైరుకు ఆనే ఉన్నా ఆ రెండో బరువు ఉండదు.

రష్యా శాస్త్రవేత్త హెన్రిక్ లెంజ్ 1834లో దీనికి కారణం చెప్పాడు. తీగచుట్టలో పుట్టిన కరెంటు తానూ ఒక అయస్కాంతంలా పనిచేసి, తనను పుట్టించిన కదలికకే అడ్డుపడుతుంది. ఎంత ఎక్కువ కరెంటు లాగితే అంత ఎక్కువ అడ్డు. కారులో కూడా ఇదే. ఏ స్విచ్చీ వేయనప్పుడు, బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు ఆల్టర్నేటరు చాలా తేలిగ్గా తిరుగుతుంది. హెడ్‌లైటు స్విచ్చి వేయగానే వోల్టేజి కొంచెం జారుతుంది, రెగ్యులేటరు అది పసిగట్టి రోటరులోకి ఎక్కువ కరెంటు పంపుతుంది, అయస్కాంతం బలపడుతుంది, స్టేటరులో కరెంటు పెరుగుతుంది, రోటరును వెనక్కి పట్టి లాగే బలం కూడా పెరుగుతుంది. ఆ లాగుడు బెల్టు మీదుగా క్రాంక్ షాఫ్ట్ మీద పడుతుంది. కంటికి కనిపించే తాడేదీ లేకపోయినా హెడ్‌లైటు బల్బు ఇంజినుకు కట్టేసినట్టే ఉంటుంది.

ఐడిల్‌లో నిలబెట్టిన పెట్రోలు కారులో దీన్ని చెవితో వినవచ్చు. రాత్రి నిశ్శబ్దంగా ఉన్న చోట బండి ఆపి, ఇంజిను ఆన్‌లోనే ఉంచి, హెడ్‌లైట్లు, బ్లోయరు, వెనక అద్దం మీది మంచు తుడిచే హీటరు ఒక్కసారిగా వేస్తే ఇంజిను శబ్దం ఒక క్షణం కుంగి మళ్లీ లేస్తుంది. ఆ కుంగుబాటు కొత్త బరువు. మళ్లీ లేవడం ఇంజిను కంప్యూటరు చేసిన పని, అది గాలి, పెట్రోలు కాస్త పెంచి ఇంజిను ఆగిపోకుండా నిలబెట్టింది. వేసవి మధ్యాహ్నం జిల్లా అంతటా కూలర్లు ఒక్కసారిగా ఆన్ చేస్తే పాల్వంచ టర్బైను దగ్గర జరిగేదీ ఇదే. జనరేటరు బరువెక్కుతుంది, ఆవిరి వాల్వు మరింత తెరుచుకుంటుంది, ఇంకొంత బొగ్గు మండుతుంది.

ఈ బరువు ఎంత? ఏసీ వేసుకుని ప్రయాణించే కారులో దీపాలు, బ్లోయరు, రేడియేటరు ఫ్యాను, ఇతరాలు కలిపి 600 వాట్లు లాగుతున్నాయనుకుంటే, మధ్యలో నష్టాలు పోను ఆ కరెంటు ఇవ్వడానికి ఆల్టర్నేటరు ఇంజిను నుంచి సుమారు 1000 వాట్లు, అంటే ఒకటీ పావు హార్స్ పవరు కన్నా కొంచెం ఎక్కువ తీసుకుంటుంది. ఐడిల్‌లో 800 చుట్ల దగ్గర అది క్రాంక్ షాఫ్ట్ మీద, మీటరు పొడవున్న కడ్డీ కొసన కిలోంబావు బరువు వేలాడదీసినంత లాగుడు. హైవే మీద పోతున్న ఇంజినుకు అది లెక్కలోకి రాదు. ఐడిల్‌లో ఊపిరి బిగబట్టి తిరుగుతున్న చిన్న ఇంజినుకు మాత్రం గట్టి బరువే. అందుకే కొత్త రెగ్యులేటర్లు బరువును ఒక్కసారిగా వేయవు. రోటరు కరెంటును కొన్ని సెకన్ల పాటు మెల్లమెల్లగా పెంచుతాయి. ఈలోగా కావాల్సిన కరెంటును బ్యాటరీ సర్దుతుంది.

నష్టాలు పోను మిగిలేది

పాల్వంచలోని పెద్ద జనరేటరు తనను తిప్పే శక్తిలో నూటికి 98 పాళ్లకు పైగా కరెంటుగా మారుస్తుంది. కారు ఆల్టర్నేటరు 55 నుంచి 65 పాళ్ల దగ్గరే ఆగిపోతుంది. ఇది నాణ్యత లేక కాదు. ఆరు కిలోల లోపు బరువులో, చౌకగా, 2000 నుంచి 15000 చుట్ల వరకు ఏ వేగంలోనైనా పనిచేసేలా చేయాలంటే ఈ మూల్యం చెల్లించక తప్పదు. కరెంటు బయటికి వచ్చే దారిలో రెండు డయోడ్లు దాటాలి, ఒక్కొక్కటి 0.7 వోల్టు మింగుతుంది. 14 వోల్టుల వ్యవస్థలో 1.4 వోల్టులు పోవడమంటే దాదాపు పదో వంతు అక్కడే పోయినట్టు. రాగితీగ వేడెక్కి కొంత, ఇనుములో సుడి తిరిగే కరెంట్ల వల్ల కొంత, లోపలి ఫ్యాను గాలి విసరడానికి కొంత, బెల్టు జారుడు వల్ల కొంత పోతుంది.

ఇక ట్యాంకు దగ్గర నుంచి లెక్క వేయవచ్చు. లీటరు పెట్రోలులో ఉండే వేడి సుమారు 9 యూనిట్లు, ఇంటి మీటరు లెక్కలోని యూనిట్లే. ఇంజిను అందులో మూడో వంతును తిప్పే శక్తిగా మారుస్తుంది, మిగతాది సైలెన్సరు, రేడియేటరు పాలు. మిగిలిన 3 యూనిట్లలో ఆల్టర్నేటరు అరవై శాతం ఇస్తే, తీగల్లోకి వచ్చేది 1.8 యూనిట్లు. లీటరు పెట్రోలుకు వంద రూపాయలే వేసుకున్నా కారులో తయారయ్యే యూనిట్ కరెంటు ఖరీదు యాభై ఐదు రూపాయలు. మామూలు ఇంటి మీటరు మీద యూనిట్‌కు పడేది ఇందులో పదో వంతు చుట్టుపక్కలే.

హాలోజెన్ బల్బులున్న కారు రాత్రి ఖమ్మం నుంచి భద్రాచలానికి మూడు గంటలు నడిచిందనుకుందాం. ముందు దీపాలు ఒక్కొక్కటి 55 వాట్లు, వెనక దీపాలు, నంబరు ప్లేటు దీపం, డ్యాష్‌బోర్డు కలిపి మొత్తం 150 వాట్లు. మూడు గంటలకు 0.45 యూనిట్. అందుకు ఖర్చయ్యేది పావు లీటరు పెట్రోలు. లీటరుకు 18 కిలోమీటర్లు ఇచ్చే కారు ఆ దూరానికి ఆరున్నర లీటర్ల పైచిలుకు తాగుతుంది కాబట్టి దీపాల వాటా నూటికి నాలుగు పాళ్లు. అదే మూడు గంటలు 15 వాట్ల ఛార్జరుతో ఫోను ఛార్జి చేస్తే అయ్యేది 25 మిల్లీలీటర్లు, టీ చెంచాతో ఐదు చెంచాలు. ఎల్ఈడీ దీపాలు వచ్చాక దీపాల వాటా సగానికి పైగా తగ్గింది.

ఈ లెక్క చూసి హెడ్‌లైటు ఆపుకుని పెట్రోలు మిగుల్చుకుందామనుకోవడం తెలివితక్కువ పని. మలుపులున్న అడవి రోడ్డు మీద, పశువులు అడ్డం వచ్చే చోట, బొగ్గు లారీ ఎదురొచ్చే చోట పావు లీటరు పెట్రోలు కన్నా వెలుగు ముఖ్యం. తగ్గించుకోదగ్గవి వేరే ఉన్నాయి.

అన్నిటికన్నా పెద్దది ఏసీ. ఇక్కడ ఒక గందరగోళం తీర్చుకోవాలి. మామూలు పెట్రోలు, డీజిల్ కార్లలో ఏసీ కరెంటుతో చల్లబరచదు. దాని కంప్రెసరుకు సొంత పుల్లీ ఉంటుంది, బెల్టు నేరుగా దాన్ని తిప్పుతుంది. ఎండాకాలంలో అది ఇంజిను నుంచి లాగేది రెండు మూడు కిలోవాట్లు, అంటే ఆల్టర్నేటరు లాగేదానికి రెండు మూడు రెట్లు. ఆల్టర్నేటరు మీద పడేది కంప్రెసరును పుల్లీకి అతికించే అయస్కాంతపు క్లచ్, లోపలి బ్లోయరు, ముందున్న రేడియేటరు ఫ్యాను. ఏసీ బటను నొక్కగానే వినిపించే 'టక్' శబ్దం ఆ క్లచ్‌దే. చింతూరు దాటి మారేడుమిల్లి ఘాట్ ఎక్కేటప్పుడు చిన్న కారు పికప్ చాలక ఏసీ ఆపేయడం డ్రైవర్లకు అలవాటు. ఆ అలవాటు సరైనదే. చాలా కార్లలో యాక్సిలరేటరు పూర్తిగా తొక్కినప్పుడు కంప్యూటరే ఆ క్లచ్‌ను కాసేపు విడిచేస్తుంది.

ఇంజిను ఆన్‌లో ఉన్నా బ్యాటరీ తరిగిపోవడం

80 ఆంపియర్ల ఆల్టర్నేటరు అని రాసి ఉంటే అది ఎప్పుడూ 80 ఇస్తుందని కాదు. ఆ అంకె ఇంజిను బాగా తిరుగుతున్నప్పటిది. ఐడిల్‌లో అందులో సగం వస్తే గొప్ప. శ్రీరామనవమి రోజున భద్రాచలంలో బండ్ల వరసలో చిక్కుకున్న కారును ఊహించుకోవచ్చు. ఇంజిను ఆన్, ఏసీ ఆన్, బ్లోయరు మూడో నంబరులో, రేడియేటరు ఫ్యాను ఆగకుండా, చీకటి పడితే హెడ్‌లైట్లు. ఇంజినుకు స్వయంగా కావాల్సింది పది ఆంపియర్లు, దీపాలకు పదకొండు, బ్లోయరుకు పదిహేను, ఫ్యానుకు పదిహేను, ఏసీ క్లచ్‌కు నాలుగు. మొత్తం 55. ఆల్టర్నేటరు ఇస్తున్నది 40. తక్కువ పడ్డ 15 ఆంపియర్లు బ్యాటరీ నుంచి పోతాయి. ఇంజిను నడుస్తూనే ఉంటుంది, బ్యాటరీ మాత్రం తరిగిపోతూ ఉంటుంది. ఎన్నికల ప్రచారానికీ, ఉత్సవాలకూ మైకుసెట్టు కట్టి మెల్లగా నడిపే జీపులకు వచ్చే చిక్కు కూడా ఇదే. అదనపు దీపాలు, యాంప్లిఫయరు పెట్టించేవారు ముందు ఆల్టర్నేటరు ఐడిల్‌లో ఎంత ఇస్తుందో అడిగి తెలుసుకోవాలి. పెద్ద బ్యాటరీ వేస్తే ఈ కొరత తీరదు, ఆలస్యంగా బయటపడుతుందంతే.

దీనికి ఎదురుగా ఇంకో అపోహ ఉంది. సెల్ఫ్ కొడితే బ్యాటరీ సగం అయిపోతుందని చాలామంది భయం. సెల్ఫ్ మోటారు 150 ఆంపియర్లు లాగే మాట నిజమే గాని రెండే సెకన్లు లాగుతుంది. ఆ ఖర్చును ఆల్టర్నేటరు ఐదు ఆంపియర్ల చొప్పున ఒకటి రెండు నిమిషాల్లో పూడ్చేస్తుంది. బ్యాటరీని నిజంగా తినేసేది మరిచిపోయి వదిలేసిన లోపలి దీపం.

డైనమో రోజుల్లో ఐడిల్ కష్టం ఇంకా ఎక్కువ. పాత అంబాసిడర్లు, జీపుల్లో ఉన్న అసలు డైనమో నెమ్మదిగా తిరిగినప్పుడు దాదాపు ఏమీ ఇచ్చేది కాదు. దాంట్లో తయారైన కరెంటు మొత్తం బ్రష్‌ల గుండానే బయటికి రావాలి, అందుకని మరీ వేగంగా తిప్పే వీలూ లేదు. బండి ఆగితే హెడ్‌లైటు ఎర్రబడేది, యాక్సిలరేటరు తొక్కితే తెల్లగా వెలిగేది. ఆల్టర్నేటరులో పెద్ద కరెంటు కదలని స్టేటరు నుంచి వస్తుంది, బ్రష్‌లు మోసేది రోటరుకు కావాల్సిన నాలుగైదు ఆంపియర్లే. ఇది తెలిసినా చాలాకాలం కార్లలోకి రాలేదు, చిన్నవి, చౌకవి అయిన సిలికాన్ డయోడ్లు లేక. అవి దొరికాక క్రైస్లర్ కంపెనీ 1960 వాలియంట్ కారులో ఆల్టర్నేటరును మామూలు అమరికగా పెట్టింది. ఆ తర్వాత డైనమో ఎక్కడికక్కడ వెనకబడింది.

ఇప్పుడు ఆల్టర్నేటరుకు కొత్త తెలివి వచ్చింది. చాలా కార్లలో ఎప్పుడు కరెంటు తయారు చేయాలో ఇంజిను కంప్యూటరే చెబుతుంది. ఎక్కుడులో బరువు తగ్గిస్తుంది, బ్రేకు వేసినప్పుడు, దిగుడులో పోయే శక్తిని పట్టుకుని బ్యాటరీ నింపుతుంది. 2015లో మారుతి సియాజ్ డీజిల్‌తో వచ్చిన స్మార్ట్ హైబ్రిడ్‌లో ఆల్టర్నేటరు, సెల్ఫ్ మోటారు ఒకే యంత్రమయ్యాయి. విద్యుత్ కార్లలో ఆల్టర్నేటరే లేదు, పెద్ద బ్యాటరీ నుంచి ఒక కన్వర్టరు 12 వోల్టుల కరెంటు ఇస్తుంది. అక్కడ కూడా దీపాలు, ఏసీ ఉచితం కావు. పెట్రోలుకు బదులు కిలోమీటర్లు తగ్గుతాయి.

ఎండ, బొగ్గు దుమ్ము, వరద

కొత్తగూడెం, భద్రాచలం ప్రాంతంలో మే నెల ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. బానెట్ కింద అది ఇంకా చాలా ఎక్కువ. రాగి వేడెక్కేకొద్దీ కరెంటుకు అడ్డు పెరుగుతుంది. 25 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు చేరితే అడ్డు దాదాపు ముప్పై శాతం ఎక్కువవుతుంది. అంటే ఏసీ, ఫ్యాన్లు ఎక్కువ కరెంటు అడిగే కాలంలోనే ఆల్టర్నేటరు ఇవ్వగలిగేది తగ్గుతుంది. పైగా వేడికి బ్యాటరీ నీళ్లు ఇంకిపోతాయి, దాని ఆయుష్షు తగ్గుతుంది. అందుకే మంచి రెగ్యులేటరు వేడి పెరిగినప్పుడు ఛార్జింగు వోల్టేజిని కాస్త దించుతుంది.

మణుగూరు, ఇల్లెందు, సత్తుపల్లి వైపు బొగ్గు లారీలు తిరిగే రోడ్లలో దుమ్ము ఇంకో శత్రువు. ఆల్టర్నేటరు తనను చల్లబరుచుకోవడానికి లోపలి ఫ్యానుతో గాలి పీలుస్తుంది, గాలితో పాటు దుమ్మునూ పీలుస్తుంది. ఆ పొడి బ్రష్‌ల కింద చేరి ఉప్పుకాగితంలా పనిచేస్తుంది. వర్షాకాలంలో వాగు దాటితే బెల్టు తడిసి కీచుమంటూ జారుతుంది. జారిన బెల్టు ఆల్టర్నేటరును తిప్పదు. 2022 జులై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. అలాంటి వరదలో మునిగిన కారు ఆల్టర్నేటరులోకి నీళ్లతో పాటు ఒండ్రు చేరుతుంది. నీళ్లు ఆరతాయి గాని ఒండ్రు బేరింగుల్లో, బ్రష్‌ల కింద ఉండిపోతుంది. వరదలో తడిసిన బండి బ్యాటరీ తీగ ముందు విప్పాలి, ఆల్టర్నేటరు విప్పించి కడిగించి ఆరబెట్టించాకే స్టార్ట్ చేయాలి.

అడవి దారిలో ఆల్టర్నేటరు ఆగిపోతే

డ్యాష్‌బోర్డు మీద బ్యాటరీ బొమ్మతో ఎర్రదీపం ఇంజిను నడుస్తుండగా వెలిగితే, చెడింది బ్యాటరీ అని కాదు. ఆల్టర్నేటరు కరెంటు ఇవ్వడం మానేసిందని. అప్పటి నుంచి కారు బ్యాటరీలోని నిల్వ మీద నడుస్తుంది. చిన్న పెట్రోలు కార్లలో సాధారణంగా 35 ఆంపియర్-అవర్ బ్యాటరీ ఉంటుంది. అందులో వాడుకోదగ్గది 25 అనుకుంటే, పగటిపూట ఏసీ, బ్లోయరు, పాటలు అన్నీ ఆపేసి ఇంజినుకు, అప్పుడప్పుడు తిరిగే రేడియేటరు ఫ్యానుకు మాత్రమే ఖర్చుపెడితే గంటన్నర దాకా రావచ్చు. రాత్రి హెడ్‌లైట్లు తోడైతే గంట కూడా కష్టం. భద్రాచలం నుంచి చింతూరు అరవై డెబ్బై కిలోమీటర్లు. పగలు జాగ్రత్తగా చేరవచ్చు, రాత్రి చేరుతుందన్న నమ్మకం లేదు. ముందు దీపాలు మసకబారతాయి, వైపర్లు నెమ్మదిస్తాయి, కరెంటు స్టీరింగు బిగుసుకుంటుంది, తర్వాత ఇంజిను తడబడి ఆగిపోతుంది. ఒకసారి ఆపితే మళ్లీ సెల్ఫ్ కొట్టదు కాబట్టి మధ్యలో ఇంజిను ఆపకూడదు. ఒక్క సందర్భంలో మాత్రం వెంటనే ఆపాలి. అదే బెల్టు నీళ్ల పంపును కూడా తిప్పే బండిలో బెల్టు తెగితే ఇంజిను నిమిషాల్లో వేడెక్కి పాడవుతుంది.

ఏజెన్సీ గ్రామాలకు మనుషుల్ని చేరవేసిన పాత డీజిల్ జీపులకు ఈ భయం తక్కువ. డీజిల్ ఇంజినుకు స్పార్కు అక్కరలేదు, వాటి ఇంధన పంపు పళ్లచక్రాలతో నడిచేది. తోసి స్టార్ట్ చేస్తే చాలు, పగలంతా దాదాపు కరెంటు లేకుండానే తిరిగేవి. కంప్యూటరుతో నడిచే ఈనాటి డీజిల్ బండికి ఆ సౌలభ్యం లేదు.

డైనమో రోజుల నుంచి మిగిలిన ఒక అలవాటును మాత్రం పూర్తిగా మానుకోవాలి. ఛార్జింగు అవుతోందో లేదో చూడటానికి ఇంజిను నడుస్తుండగా బ్యాటరీ తీగ పీకే అలవాటు అది. ఆల్టర్నేటరులో అలా చేస్తే, రోటరు అయస్కాంతం బలం తగ్గేలోపు వోల్టేజి ఒక్కసారిగా పదుల వోల్టులకు ఎగురుతుంది. డయోడ్లు, ఇంజిను కంప్యూటరు కాలిపోవచ్చు. ఆ పరీక్షకు కొన్ని వందల రూపాయల మల్టీమీటరు చాలు. ఇంజిను ఆపి ఉంచినప్పుడు బ్యాటరీ మీద 12.4 నుంచి 12.6 వోల్టులు, ఇంజిను నడుస్తుంటే 13.8 నుంచి 14.4 మధ్య చూపాలి. హెడ్‌లైట్లు, బ్లోయరు వేసి కాస్త యాక్సిలరేటరు ఇచ్చినా 13.5 కిందికి జారకూడదు. 15 దాటితే రెగ్యులేటరు చెడినట్టు. రెండు నిమిషాల ఈ పరీక్షను భద్రాచలం దాటి అడవి దారి పట్టకముందే, పగటి వెలుగులో చేయించుకోండి. ఎర్రదీపం వెలిగి ఉంటే ఆ రాత్రికి అక్కడే ఆగండి.